అర సెకను ఎంత? పారా క్రీడాకారుల గుండె నిబ్బరం, తమ ఆటకు తాము వేసుకునే మార్కు

కిందటి చలికాలం విజయనగరంలో పారా అథ్లెట్ల పోటీలు చూడడానికి వెళ్లాను. వంద మీటర్ల పరుగులో, ఎడమచేయి మోచేతి కింద లేని ఒక కుర్రాడు ఆఖరున వచ్చాడు. వచ్చి వాళ్ల నాన్న పక్కన కూలబడి, ఆయాసం తీరకుండానే "ఈపాలి బాగా పరిగెత్తీసినాను నాన్నా" అన్నాడు. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఆకర్న వచ్చినావు కదరా బాబూ, బాగా పరిగెత్తడమేటి?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థం కాలేదు. "పోయినపాలి పదిహేను సెకన్లు దాటిపోయింది. ఈపాలి అర సెకను తగ్గించీసినాను. ఆలు ముగ్గురూ నాకన్నా బాగా పరిగెడతారు, అదేరే సంగతి."

తండ్రి వరస చూశాడు. కొడుకు గడియారం చూశాడు. ఒకే పరుగు గురించి ఇద్దరూ చెప్పింది నిజమే.

2024 పారిస్ పారాలింపిక్స్‌లో మన దేశానికి 29 పతకాలు వచ్చాయి. 2025లో ప్రపంచ పారా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ ఢిల్లీలోనే జరిగింది, అక్కడ మరో 22 వచ్చాయి. అప్పటినుంచి ఫోన్లలో ఒకటే మాట తిరుగుతోంది: సంకల్పం ముందు వైకల్యం ఎంత అని. మెచ్చుకోలుగా అన్న మాటే. కానీ దాని కడుపులో ఒక సిద్ధాంతం ఉంది. మనసు గట్టిదైతే ఆట బాగుంటుందని చెబుతూనే, ఆట బాగులేని వాడి మనసు గట్టిది కాదని కూడా అది చెప్పకనే చెబుతుంది.

క్రీడల మనస్తత్వ శాస్త్రం ఈ సిద్ధాంతాన్ని పరీక్షకు పెడుతుంది. శారీరక వైకల్యం ఉన్న క్రీడాకారుల నిబ్బరాన్ని ఒక ప్రశ్నపత్రంతో కొలుస్తారు. నీ ఆట ఎలా ఉందనుకుంటున్నావని ఇంకో ప్రశ్నపత్రంతో అడుగుతారు. సాధారణంగా ఒకటి ఎక్కువున్నవారిలో రెండోదీ ఎక్కువే ఉంటుంది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది.

నిబ్బరం రబ్బరు గుణం లాంటిదేనా?

రెజిలియన్స్ అనే ఇంగ్లిషు మాటకు మన పాఠ్యపుస్తకాల్లో "స్థితిస్థాపకత" అని రాస్తారు. అది భౌతికశాస్త్రం నుంచి తెచ్చుకున్న మాట. లాగి వదిలిన రబ్బరు బ్యాండు మునుపటి ఆకారానికి వచ్చేస్తుంది చూడండి, ఆ గుణం. మనిషి విషయంలో ఈ మాట సగమే సరిపోతుంది. లారీ ప్రమాదంలో కాలు పోయిన మనిషి మునుపటి ఆకారానికి రాడు, రానక్కర్లేదు కూడా. మన ఇళ్లలో "గుండె నిబ్బరం" అంటారు, "దిటవు చేసుకున్నాడు" అంటారు, "మెల్లగా తేరుకుంది" అంటారు. నాకు నిబ్బరం అనే మాటే దగ్గరగా తోస్తుంది, దాన్నే వాడతాను.

బ్రిటన్ పరిశోధకులు డేవిడ్ ఫ్లెచర్, ముస్తఫా సర్కార్ 2012లో 12 మంది ఒలింపిక్ విజేతల అనుభవాలను కూలంకషంగా విని ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్ల మాటల సారం ఇది: ఒత్తిడి తగిలినప్పుడు దాన్ని మనిషి ఎలా అర్థం చేసుకుంటాడు, దాని హాని తనను తాకకుండా ఏం చేస్తాడు అన్న రెండూ కలిస్తే నిబ్బరం. ఆ తర్వాత రాసిన వాటిలో దాన్ని రెండుగా విడదీశారు. దెబ్బ తగులుతున్నా ఆట చెదరకుండా నిలబెట్టుకోవడం ఒకటి. ఆట చెదిరిపోయాక త్వరగా తేరుకోవడం మరొకటి.

ఉద్దానం వాళ్లకు ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొన్ని కొబ్బరిచెట్లు ఊగి నిలబడ్డాయి. కొన్ని మట్టలన్నీ పోగొట్టుకుని ఒట్టి మానుల్లా మిగిలి, మెల్లగా మళ్లీ ఆకు తొడిగాయి. ఎన్నో వేళ్లతో సహా కూలిపోయాయి. వేరు ఎంత లోతుకు పోయింది, నేల ఎంత నానింది, గాలి ఏ వైపు నుంచి కొట్టింది అన్నవాటిని బట్టి ఒక్కో చెట్టుకు ఒక్కో గతి పట్టింది. కూలిన చెట్టుకు పట్టుదల లేదని ఉద్దానం రైతు ఎవరూ అనడు.

దేవేంద్ర ఝఝారియా సంగతి చూడండి. ఎనిమిదేళ్ల వయసులో చెట్టెక్కి కరెంటు తీగ తగిలి ఎడమచేయి పోగొట్టుకున్నారు. 2004 ఏథెన్స్‌లో జావెలిన్ స్వర్ణం గెలిచారు. ఆయన వైకల్య వర్గానికి 2008లో గానీ 2012లో గానీ పారాలింపిక్స్‌లో జావెలిన్ పోటీయే పెట్టలేదు. 2016 రియోలో మళ్లీ పెట్టారు, 63.97 మీటర్లు విసిరి ప్రపంచ రికార్డుతో మళ్లీ స్వర్ణం తెచ్చారు. మధ్యలో పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లలో ఆయన ఆట చెడలేదు, ఆట పెట్టేవాళ్లు లేకపోయారు. 2013లో లియాన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆయన స్వర్ణం గెలవగలిగారంటే, ఆ పోటీ అక్కడ ఉండబట్టి కూడా.

నిబ్బరాన్ని మొండితనంతో కలిపేయడం మన దగ్గర చాలా మామూలు. నొప్పి దాచుకుని ఆడితే "ఎంత గుండె ధైర్యం" అంటాం. చక్రాల కుర్చీ వాడే క్రీడాకారిణికి భుజాలే కాళ్లు. విసరడానికీ అవే, మంచం దిగడానికీ అవే, స్నానాల గదికి వెళ్లడానికీ అవే. భుజం లాగుతుంటే ఆ రోజు విసరనని చెప్పడమే ఆమెకు నిబ్బరం. ఈ విషయంలో ప్రేక్షకులుగా మనం చప్పట్లు కొట్టే చోటు మార్చుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

"బాగా ఆడాను" అనే మాట వెనక ఉన్న లెక్క

ఇక రెండో మాట. తన ఆట ఎలా ఉందన్న దాని మీద తన సొంత అంచనా. ఇది టేపు చూపించే దూరం కాదు, గడియారం చూపించే సమయం కాదు. కోచ్ అభిప్రాయమూ కాదు. పదికి ఎన్ని మార్కులు వేసుకుంటావు అంటే వచ్చే జవాబు.

ఇద్దరిని ఊహించుకుందాం. కూర్చుని గుండు (షాట్‌పుట్) విసిరే పోటీలో రాజాం నుంచి వచ్చిన పైడమ్మ, టెక్కలి నుంచి వచ్చిన లక్ష్మి. పైడమ్మ ఇదివరకటి అత్యుత్తమ దూరం 6.10 మీటర్లు, ఈరోజు 6.42 విసిరింది. నలుగురిలో నాలుగో స్థానం. లక్ష్మి ఇదివరకు 7.60 విసిరింది, ఈరోజు 7.05 దగ్గర ఆగిపోయింది. అయినా స్వర్ణం ఆమెదే.

సాయంత్రం మార్కులు వేసుకోమంటే పైడమ్మ ఎనిమిది వేసుకోవచ్చు, లక్ష్మి ఐదు. పైడమ్మ నిన్నటి తనతో పోల్చుకుంది. లక్ష్మి కూడా తనతోనే పోల్చుకుంది, అందుకే మెడలో పతకం ఉన్నా మొహం వాడింది. ఇద్దరూ పక్కవాళ్లతో పోల్చుకుని ఉంటే మార్కులు తారుమారయ్యేవి. మనిషి తనను తాను ఇతరులతో పోల్చి కొలుచుకుంటాడని లియాన్ ఫెస్టింజర్ 1954లోనే రాశాడు. క్రీడల్లో ఆ తర్వాత జాన్ నికోల్స్ వంటివారు రెండు దృష్టులను వేరు చేసి చూపారు: పనిలో మెరుగవడమే గెలుపు అనుకునేవారు, ఎదుటివాడిని మించడమే గెలుపు అనుకునేవారు. చాలామందిలో రెండూ కలగలిసే ఉంటాయి, ఆ రోజును బట్టి ఒకటి పైకి వస్తుంది.

మన పక్క అనకాపల్లి జిల్లాకు చెందిన రొంగలి రవి పారిస్ పారాలింపిక్స్‌లో పొట్టి ఎత్తువారి వర్గంలో గుండు 10.63 మీటర్లు విసిరారు. అది ఆయన అప్పటివరకు విసిరిన వాటన్నిటికన్నా ఎక్కువ. స్థానం ఐదు. పతకాల పట్టికలో ఆ దూరం కనిపించదు.

ఇక్కడ ఇంకో మాట ముడిపడి ఉంది, తీసి పక్కన పెడితే మంచిది. "నేను చేయగలను" అన్న నమ్మకం ఆటకు ముందుది. "నేను బాగా చేశాను" అన్న అంచనా ఆట తర్వాతది. మొదటిదాని గురించి ఆల్బర్ట్ బండూరా 1977లో రాస్తూ అది నాలుగు దారుల్లో వస్తుందన్నాడు: తాను స్వయంగా ఒకసారి సాధించడం, తనలాంటివాడు సాధించగా చూడడం, నమ్మదగిన మనిషి ధైర్యం చెప్పడం, తన ఒంట్లో దడ, అలసట ఎలా ఉన్నాయో గమనించుకోవడం. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి ఇంతమంది వెయిట్‌లిఫ్టర్లు ఎందుకు వచ్చారో రెండో దారి చెబుతుంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో రజతం అందుకున్న మత్స సంతోషిది ఆ ఊరే. పక్కింటి అక్క బరువెత్తుతుంటే చూసి పెరిగిన పిల్లకు అది ఎత్తగలిగే వస్తువులాగే కనిపిస్తుంది. మరి ఊరంతటికీ తానొక్కడే చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడికి పక్కింటి అక్క ఎవరు?

పారా క్రీడల్లో కొలబద్దలు ఎందుకు కదులుతుంటాయి

పరుగు పందెంలో పోటీదారులు ఒకే గీత మీద నిలబడతారు. పారా క్రీడల్లో ఆ గీత ఎక్కడ గీయాలన్నదే పెద్ద పని. పారాలింపిక్స్‌కు అర్హమైన లోపాలు పది. వాటిలో ఎనిమిది శారీరకమైనవి: కండరాల బలం తగ్గడం, కీళ్లు పూర్తిగా కదలకపోవడం, అవయవం లేకపోవడం, కాళ్ల పొడవుల్లో తేడా, పొట్టి ఎత్తు, ఇంకా కండరాలు బిగుసుకుపోవడం, కదలికలు కుదరకపోవడం, వాటంతట అవే కదలడం. మిగతా రెండు చూపు, మేధకు సంబంధించినవి.

మన దగ్గర అందరికీ తెలిసింది సదరం సర్టిఫికెట్. అందులో వైకల్యం ఎంత శాతమో ఉంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, 40 శాతం గానీ ఆపైన గానీ ఉంటే చాలా ప్రయోజనాలకు అర్హత వస్తుంది. క్రీడా వర్గీకరణ ఈ శాతాన్ని చూడదు. ఈ ఆటలో ఈ లోపం ఎంత అడ్డొస్తుంది అని చూస్తుంది. అసలు వినపడని మనిషికి సదరంలో పెద్ద శాతమే రావచ్చు, కానీ పారాలింపిక్స్‌లో అతనికి వర్గం లేదు. బధిరులకు డెఫ్లింపిక్స్ వేరే ఉన్నాయి. "నాకు 70 శాతం, వాడికి 45 శాతమే, వాడితో నన్నెలా పరిగెత్తిస్తారు" అని గొడవపడడం నేను విన్నాను. రెండు కొలతల పని వేరని ముందే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆ పిల్ల అంత ఏడ్చేది కాదు.

ఇంకో సంగతి మనసును మరీ మెలిపెడుతుంది. పింఛను కోసం వెళ్లినప్పుడు తన చేత కానిదేమిటో చూపించాలి. మైదానంలో చేత అయ్యేదేమిటో చూపించాలి. ఒకే వారంలో ఈ రెండు గదుల్లోకీ వెళ్లివచ్చిన మనిషిని నీ గురించి నువ్వేమనుకుంటున్నావని అడిగితే, ఏ గదిలోని తన గురించి చెబుతాడు?

వర్గం మారితే ఆట విలువే మారిపోతుంది. టోక్యో పారాలింపిక్స్‌లో మన డిస్కస్ క్రీడాకారుడొకరు కాంస్యం గెలిచారు. ఆ వర్గానికి ఆయన సరిపోతారో లేదో నిర్ధారించలేకపోయామని తర్వాత నిర్వాహకులు చెప్పి ఫలితం రద్దు చేశారు. విసిరిన దూరంలో ఒక్క సెంటీమీటరు తగ్గలేదు. ఆ రాత్రి ఆయన తనకు తాను వేసుకున్న మార్కు ఎంతని ఏ ప్రశ్నపత్రం పట్టుకోగలదు?

సామాను సంగతి మరోటి. కూర్చుని విసిరేవారికి నేలకు బిగించిన ఫ్రేము ఉంటుంది, సీటు ఎత్తు 75 సెంటీమీటర్లు మించకూడదు. ఇంటి దగ్గర ప్లాస్టిక్ కుర్చీ మీద, ఇద్దరు స్నేహితులు గట్టిగా పట్టుకుంటే విసిరి నేర్చుకున్నవాడు పోటీరోజున మొదటిసారి ఆ ఫ్రేములో కూర్చుంటే దూరం తగ్గుతుంది. జైపూర్ పాదం అనే కృత్రిమ కాలు నడవడానికి, గొంతుక్కూర్చోడానికి, పొలంలో తిరగడానికి చేసిన గొప్ప వస్తువు. పరుగు కోసం కాలికి తొడిగే బ్లేడు వేరు. దీన్నంతా "ఈరోజు నా ఆట బాగాలేదు" అన్న ఒక్క మాటలో మూటగడితే, తప్పు తనదేనని నమ్మే ప్రమాదముంది.

పుట్టుకతోనో చిన్నప్పుడో వైకల్యం వచ్చినవారికీ, పెద్దయ్యాక ప్రమాదంలో వచ్చినవారికీ ఈ అంచనా వేరుగా నడుస్తుంది. పోలియో వచ్చిన తరం తమ శరీరాన్ని ఒకే రూపంలో ఎరుగుదురు. మన దేశం పోలియో నుంచి బయటపడినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 మార్చిలో ప్రకటించింది, కాబట్టి ఇప్పటి కుర్రాళ్లలో ఆ తరం దాదాపు లేదు. ప్రమాదంలో కాలు పోయినవాడికి మాత్రం ప్రతి పోటీలోనూ కనిపించని ప్రత్యర్థి ఒకడుంటాడు: మునుపటి తాను.

మరో ఊహ. ఊళ్లో కబడ్డీ ఆడే అప్పలనాయుడికి ప్రమాదంలో కాలు పోయింది. మూడు నెలలకు గుండు పట్టుకున్నాడు, 5.20 మీటర్లు పడింది. మార్కు అడిగితే పదికి రెండు. ఏడాది గడిచేసరికి 5.60. ఇప్పుడు ఏడు వేసుకున్నాడు. దూరం పెరిగింది 40 సెంటీమీటర్లే, మార్కు మూడున్నర రెట్లు. తనను తాను మోసం చేసుకుంటున్నాడా? పరిశోధకులు దీన్ని వేరేలా చూస్తారు: కొలబద్దే మారింది. అప్పుడు కబడ్డీ ఆటగాడి కొలబద్దతో కొలుచుకున్నాడు, ఇప్పుడు గుండు విసిరేవాడి కొలబద్దతో. అందుకని "రెండు నుంచి ఏడుకు ఎదిగాడు" అని గ్రాఫు గీస్తే అది సగం నిజమే చెబుతుంది.

బయటివాళ్ల అంచనా ఇంకా దారి తప్పుతుంది. గ్యారీ ఆల్బ్రెక్ట్, ప్యాట్రిక్ డెవ్లీగర్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో, గట్టి వైకల్యాలున్నవారిలో 54 శాతం మంది తమ జీవితం బాగుందనో చాలా బాగుందనో చెప్పారు. చూసేవాళ్లకది నమ్మశక్యంగా తోచదు. వైకల్యాన్ని మనం బయటినుంచి ఊహిస్తాం, వాళ్లు లోపలినుంచి బతుకుతారు.

ఆరు వాక్యాలతో నిబ్బరాన్ని కొలవడం

ఎక్కువగా వాడే కొలమానాల్లో 2003లో కానర్, డేవిడ్‌సన్ తయారుచేసిన 25 వాక్యాల పత్రం ఒకటి, మొత్తం మార్కులు వంద. 2008లో బ్రూస్ స్మిత్ బృందం చేసిన చిన్న పత్రం ఇంకోటి, అందులో ఆరే వాక్యాలు. మూడు అనుకూలంగా ఉంటాయి, కష్టం తర్వాత త్వరగా తేరుకుంటాను అన్న ధోరణిలో. మూడు ప్రతికూలంగా ఉంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా వేయాలి. ప్రతికూల వాక్యాల మార్కును 6 నుంచి తీసేసి తిప్పుతారు.

పైడమ్మ అనుకూల వాక్యాలకు 4, 4, 3 వేసిందనుకోండి. ప్రతికూల వాక్యాలకు 2, 3, 2. తిప్పితే 4, 3, 4. మొత్తం 22, ఆరుతో భాగిస్తే 3.67. సాధారణంగా 3కు తక్కువైతే నిబ్బరం తక్కువ, 4.3 దాటితే ఎక్కువ అంటారు. ఆమె మధ్యలో ఉంది.

లెక్క తేలికే, తేలిక కానిది అడిగే తీరు. ప్రతికూల వాక్యాన్ని తెలుగులో పెట్టగానే "తేరుకోవడం నాకు కష్టం కాదు అనడం సరికాదు" లాంటి మెలికలు వస్తాయి. పెద్దగా చదువుకోనివారు చిన్నబుచ్చుకుని అన్నిటికీ మూడు వేసేస్తారు. కోచ్ పక్కనుంటే ఎలా ఉన్నావన్న ప్రశ్నకు మన వైపు ఒకటే జవాబు: "బాగానే ఉన్నానండి." జట్టులోంచి తీసేస్తారన్న భయం ఉన్నవాడి ఐదుకూ, నిజంగా ఐదుకూ కాగితం మీద తేడా తెలియదు. అందుకే మంచి పరిశోధకులు వాక్యాలను స్థానిక భాషలోకి మార్చి, మళ్లీ మూలభాషలోకి వేరేవారితో తిప్పించి సరిచూస్తారు, పేరు రాయనివ్వరు, కోచ్‌ను దూరంగా ఉంచుతారు.

రెండూ కలిసి పెరిగితే, ఏది దేన్ని పెంచింది?

నిబ్బరానికీ సొంత అంచనాకూ మధ్య సహసంబంధం 0.4 అని ఒక అధ్యయనంలో తేలిందనుకుందాం. సహసంబంధం అంటే రెండు సంఖ్యలు ఎంతవరకు జతగా నడుస్తాయన్నది. సున్నా అయితే దేని దారి దానిది, ఒకటి అయితే అచ్చం నీడలా. ఇలాంటి పరిశోధనల్లో 0.4 చెప్పుకోదగ్గ సంఖ్యే. దాన్ని దానితోనే గుణిస్తే 0.16. సొంత అంచనాల్లో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో 16 శాతం నిబ్బరంతో పంచుకున్నదన్నమాట. మిగతా 84 శాతం వేరేచోట ఉంది. నిద్ర, గాయం, కోచ్, ఫ్రేము, ఆ రోజు ఎండ, ఇంట్లో గొడవ, ఏదైనా కావచ్చు.

ఆ 16 అయినా ఎటు నుంచి ఎటు పారుతోందో సంఖ్య చెప్పదు. నిబ్బరం ఉండబట్టి చెడ్డ రోజున కూడా తన ఆటలో మంచిని చూడగలిగి ఉండవచ్చు. బాగా ఆడుతున్నానన్న తృప్తి వల్లే నిబ్బరం పెరిగి ఉండవచ్చు, బండూరా చెప్పిన మొదటి దారి అదే. లేదా మూడోది ఏదో రెండింటినీ పెంచి ఉండవచ్చు: వారానికి నాలుగు రోజులు ఆటోలో మైదానానికి తీసుకెళ్లే బావగారు, పోటీలకు సెలవిచ్చే యజమాని. ఇంకా మామూలు కారణం ఒకటుంది. రెండు పత్రాలూ ఒకే మనిషి, ఒకే పూట నింపాడు. మనసు హుషారుగా ఉంటే రెండింట్లోనూ మార్కులు పడతాయి.

ఒకేసారి అడిగి వదిలేసిన అధ్యయనాలతో ఈ ముడి విడదు. సీజన్ మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి అడగాలి. పక్కనే టేపు చూపిన దూరం రాసుకోవాలి. ఇంకో లోపం కూడా ఉంది. మైదానంలో దొరికినవారినే అడుగుతారు. రెండేళ్ల కిందట మానేసినవారు ఆ పత్రం నింపరు. వాళ్లలో నిబ్బరం తక్కువై మానేసినవారెందరో, బస్సు ఎక్కలేక మానేసినవారెందరో మనకు కనిపించదు.

కష్టమే మనిషిని గట్టిపరుస్తుందా?

ఈ చర్చలో రెండు శిబిరాలున్నాయి, రెండింటిలోనూ ఆలోచించదగ్గది ఉంది.

2012లో డేవ్ కాలిన్స్, ఐన్ మాక్‌నమారా ప్రతిభ ఎదగడానికి దారిలో ఎగుడుదిగుళ్లు కావాలని వాదించారు. అన్నీ అమరిన కుర్రాడు పెద్ద పోటీలో తొలి దెబ్బకే చతికిలబడతాడని వాళ్ల మాట. మార్క్ సీరీ బృందం 2010లో అమెరికాలో చేసిన అధ్యయనంలో, ఏ కష్టమూ ఎరగనివారికన్నా, మరీ ఎక్కువ కష్టాలు పడినవారికన్నా, కొంత కష్టం చూసినవారు మానసికంగా మెరుగ్గా ఉన్నారు. ఈ లెక్కన పారా క్రీడాకారులకు నిబ్బరం ఎక్కువే ఉండాలి కదా అనుకోవడం సులువు.

రెండో శిబిరం అడిగేది: కష్టంతో పాటు ఏం దొరికింది? ఎమ్మీ వెర్నర్ హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో కలహం వంటివి మీదపడిన పిల్లల్లో సుమారు మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్లందరిలో తరచుగా కనిపించినది ఒకటి: అండగా నిలిచిన ఒక పెద్దమనిషి, అమ్మమ్మో, టీచరో, పొరుగువారో. ఆన్ మాస్టెన్ 2001లో దీన్ని మామూలు విషయాల మహిమ అంది. ఫ్లెచర్, సర్కార్ కూడా తర్వాత సవాలునూ అండనూ రెండు గీతలుగా గీశారు. సవాలు ఎక్కువై అండ తక్కువైతే మనిషి కుంగిపోతాడు. అండ ఉండి సవాలు లేకపోతే ఉన్నచోటే ఉంటాడు. రెండూ ఎక్కువున్న మూలలో నిబ్బరం పెరుగుతుంది.

వైకల్యం ఉన్న రచయితలు, ఉద్యమకారులు ఇంకో అడుగు ముందుకు వేస్తారు. నిబ్బరం, నిబ్బరం అని మనిషిలోకే చూస్తుంటే మైదానం గేటు దగ్గర ర్యాంపు లేదన్న సంగతి మరుగున పడుతుందని వారి అభ్యంతరం. ఆస్ట్రేలియా పాత్రికేయురాలు స్టెల్లా యంగ్ 2014లో, మామూలు పనులు చేసినందుకు వికలాంగులను ఆరాధించడం ఎదుటివాళ్ల తృప్తి కోసమేనని గట్టిగా చెప్పింది. దీనికి క్రీడా మనస్తత్వవేత్తల జవాబులోనూ న్యాయముంది. ర్యాంపు వచ్చేదాకా ఆ అమ్మాయి ఆగలేదు, శ్వాస నిలకడ, తనతో తాను మాట్లాడుకునే తీరు, లక్ష్యాన్ని చిన్న ముక్కలు చేసుకోవడం రేపటినుంచే నేర్పవచ్చు, అవి పనిచేస్తాయి అని. నాకు రెండూ కావాలి. కానీ ర్యాంపు బదులుగా శ్వాస నేర్పితే ఒప్పుకోను.

మన నేల మీదే ఒక జ్ఞాపకం ఉంది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి వ్యాయామం నేర్పిన, కలియుగ భీముడని పేరుపడ్డ కోడి రామమూర్తి నాయుడు ఏనుగును గుండెల మీద నిలబెట్టుకున్నారని, కార్లను ఆపారని, ఇనుప గొలుసులు తెంచారని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. చివరి రోజుల్లో కాలికి పుండు లేచి కాలే తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాతి రోజుల గురించి మనకు కథలు లేవు. ఆయన 1942లో పోయారు. 1948 జూలై 29న ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి ఆవరణలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ 16 మంది వికలాంగులతో విలువిద్య పోటీ పెట్టాడు, పారాలింపిక్స్‌కు అది విత్తు. ఆరేళ్ల తేడా. కాలు తీసేశాక కలియుగ భీముడిలో మిగిలిన బలాన్ని చూపించే బరి ఆయనకు దొరకలేదు.

4, 19, 29: పతకాల లెక్కలో అండ ఎంత?

రియో 2016లో మనకు 4 పతకాలు. టోక్యోలో 19. పారిస్‌లో 29. ఎనిమిదేళ్లలో ఏడు రెట్లు. దేశంలోని వికలాంగుల గుండె నిబ్బరం ఏడు రెట్లు పెరిగిందా?

ఎంతమందిని పంపామో పక్కన రాద్దాం. రియోకు 19 మంది, టోక్యోకు 54, పారిస్‌కు 84. వందమందికి లెక్క కడితే రియోలో 21 పతకాలు, టోక్యోలో 35, పారిస్‌లో దాదాపు అదే 35. టోక్యో నుంచి పారిస్‌కు పెరిగిన పది పతకాలకు, ఎక్కువమంది వెళ్లగలగడం ఒక్కటే సరిపోయే వివరణ. రియో నుంచి టోక్యోకు మాత్రం పంపినవారికి సగటున వచ్చిన ఫలితమే మెరుగైంది. ఆ మధ్యకాలంలో క్రీడాకారులకు నేరుగా డబ్బు, కోచ్, విదేశీ పోటీల అనుభవం అందించే ప్రభుత్వ పథకాలు పారా క్రీడలకూ గట్టిగా చేరాయి. ఈ చిన్న లెక్కతో కారణం రుజువైపోదు, పోటీల సంఖ్య, వర్గాల మార్పు వంటివి ఇంకా ఉన్నాయి. అయినా "సంకల్పం ముందు వైకల్యం ఎంత" అనేవారి చేతిలో ఈ మూడు సంఖ్యలు పెట్టాలని ఉంటుంది.

మన జిల్లాల్లో ఈ అండ ఎంత పలచనో మైదానం దాకా వచ్చినవారిని అడిగితే తెలుస్తుంది. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం రావాలంటే వంద కిలోమీటర్ల పైమాటే. ఆర్టీసీ బస్సు మెట్టు చక్రాల కుర్చీకి కొండ. తోడుగా ఇంట్లో ఒకరు కూలి మానుకుని రావాలి. అంత చేసి వచ్చిన పోటీలో ఆ వర్గంలో తానొక్కడే ఉంటే, గెలిచానని ఎలా అనుకోవాలో, ఎంత గెలిచానని అనుకోవాలో తెలియదు. ఆ పూట అతని సొంత అంచనా కిందికి పోయిందంటే నిబ్బరం లేక కాదు, కొలుచుకోవడానికి పక్కన మనిషి లేక.

విజయనగరంలో ఆ సాయంత్రం పరుగులన్నీ అయిపోయాక తండ్రి కొడుకులు ఇంకా అక్కడే ఉన్నారు. బస్సుకు టైముంది. తండ్రి ఏదో ఆలోచిస్తూ ఉండి, "అర సెకనంటే ఎంతరా?" అని అడిగాడు. కుర్రాడు లేచి ముగింపు గీత దగ్గరకు వెళ్లి, అక్కడినుంచి వెనక్కి నాలుగంగలు వేసి నిలబడ్డాడు. మూడు మీటర్లకు పైనే ఉంటుంది. "పోయినపాలి ఇదే టైముకి ఇక్కడున్నాను నాన్నా" అని కాలితో మట్టిలో గీత గీశాడు. ఆయన లేచి వెళ్లి, ఆ గీతకూ ఈ గీతకూ మధ్య తానూ ఒకసారి నడిచి చూశాడు.